నుదుటి మీద బిస్కెట్టు

చిరంజీవి తమ్ముడికి,

నీ గేమ్ షో స్క్రిప్టు చదివాను. కమెడియన్ నుదుటి మీద బిస్కెట్టు పెట్టుకుని, చెయ్యి తగలకుండా 60 సెకన్లలో నోటిదాకా దించుకోవాలి. 2010లో అమెరికాలో మొదలైన ‘మినిట్ టు విన్ ఇట్’ అనే టీవీ గేమ్ షోలోనూ ఉన్న ఆటే. ఒక్క ముక్కలో చెబితే చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. మంచి ఎంపిక.

అయితే ఆ 60 సెకన్లలో నువ్వు పన్నెండు డైలాగులు పెట్టావు. కొట్టెయ్. నోరు తెరిస్తే బుగ్గ కదులుతుంది, బిస్కెట్టు జారిపోతుంది. ఆటకు ముందు రెండు మాటలు, అయ్యాక ఒకటి చాలు.

నువ్వు రాయాల్సింది నియమాలు. కింద పడితే మళ్లీ నుదుటి నుంచేనా? గడియారం ఆగుతుందా? పగిలి సగం ముక్క నోట్లో పడితే గెలుపేనా? ఇవి ముందే తేల్చకపోతే సెట్లో వాదన మొదలై నవ్వంతా నీరుగారిపోతుంది. నన్నడిగితే పడితే నుదుటి నుంచే, గడియారం మాత్రం ఆగకూడదు.

రాసేముందు కుర్చీలో వెనక్కి వాలి నువ్వే పదిసార్లు ఆడి చూడు. బిస్కెట్టు మొదట కనుబొమ దగ్గర ఆగుతుంది. కనుబొమ ఎగరేస్తే నుదుటి ముడతల్లో ఇరుక్కుంటుంది, దింపితే కంటి గుంటలో కూర్చుంటుంది. అక్కణ్ణుంచి తల కాస్త వంచి, కన్ను గట్టిగా మూసి తెరుస్తూ ముక్కు పక్కనుంచి బుగ్గ మీదికి తేవాలి. తల ఎక్కువ వంచావా, చెవి పక్కనుంచి భుజం మీదికి పోతుంది. చెమటా మేకప్పూ కలిస్తే అతుక్కుని కదలనే కదలదు. అందుకే ఆటకు ముందు పొడిగుడ్డతో నుదురు తుడవాలని స్క్రిప్టులోనే రాయి. పొడి రాలే బిస్కెట్టు వద్దు, కంట్లో పడుతుంది. గట్టిది, గుండ్రటిది చూడు, డజను అదనంగా పెట్టించు. పెదవికి అందాక తల నిటారుగా ఎత్తాకే నమలాలి. వెనక్కి వాలి నవ్వుతూ తింటే గొంతుకు అడ్డం పడుతుంది.

కమెడియన్‌తో మాత్రం రిహార్సల్ చేయించకు. 2015లో బ్రిటన్‌లో మొదలైన ‘టాస్క్‌మాస్టర్’ అనే టీవీ షోలో, చేయాల్సిన పని రాసి సీలు వేసిన కవరును కమెడియన్లు కెమెరా ముందే విప్పి చదువుతారు. ఆ మొదటి క్షణంలో ముఖంలో కనిపించేది నువ్వూ నేనూ రాయలేం. ఓడిపోయినట్టు నటించమనీ రాయకు. అతను ప్రాణం పెట్టి గెలవాలని చూస్తేనే జనం నవ్వుతారు, జాలి కూడా పడతారు.

క్లోజప్ ఒకటే, మధ్యలో కట్ లేకుండా. గడియారం కనిపించేలా దూరంనుంచి ఇంకొకటి. బిస్కెట్టు కంటి మీద ఆగిపోయిన ఆ ఏడెనిమిది సెకన్లను ఎడిటింగులో ఎవరూ తీసెయ్యకుండా చూసుకో. రెండో టేక్ లేదని డైరెక్టరుతో ముందే మాట్లాడు.

మార్చిన స్క్రిప్టు పంపు. నియమాల పేజీ పైన పెట్టు, ముందు అదే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య