చౌక కుర్చీకి చక్కని రూపం

ప్రశ్న: మాది వడ్రంగుల కుటుంబం. సామాన్యులు కొనగలిగే స్కాండినేవియన్ తరహా కుర్చీలు చేయాలని ఉంది. ఎవరి పనిని చూసి నేర్చుకోవాలి?
– ఒక పాఠకుడు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: స్కాండినేవియా దేశమైన డెన్మార్క్‌కు చెందిన ఫర్నిచర్ డిజైనర్ బోర్గె మోగెన్సెన్ (1914–1972) పనిని ముందుగా చూడండి. ఆయన కూడా మీలాగే వడ్రంగం చేతపట్టి, ఆ తరువాతే కోపెన్‌హాగెన్‌లో కోరె క్లింట్ వద్ద, మనిషి శరీరాన్నీ వాడకపు వస్తువులనూ కొలిచి గాని గీత గీయకూడదన్న పద్ధతిలో డిజైన్ చదివారు. 1942 నుంచి 1950 వరకు ఎఫ్‌డీబీ అనే వినియోగదారుల సహకార సంఘంలో ఫర్నిచర్ డిజైన్ విభాగానికి అధిపతిగా ఉన్నారు. సాధారణ కుటుంబాలకు మన్నికైన సామాను అందించడమే ఆ విభాగం పని.

అక్కడ 1947లో రూపొందిన జె39 కుర్చీ ఫొటోను దగ్గరగా గమనించండి. తరిమెన (లేత్) పట్టిన గుండ్రని కాళ్లు, వాటిని కలిపే సన్నని అడ్డకర్రలు, వీపుకు ఆనేందుకు కొద్దిగా వంపు తిరిగిన ఒకే వెడల్పాటి పలక. కూర్చునే చోట మన నులక మంచంలా కాగితపు తాడుతో అల్లిక. చెక్కడాలు లేవు, పరుపు లేదు. భాగాలు తక్కువ కాబట్టి యంత్రంపై త్వరగా తయారవుతుంది, ధర అదుపులో ఉంటుంది. నాకు ఆయన పనిలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ నిగ్రహమే.

మీ ప్రాంతపు టేకు ఖరీదైనది కనుక, పెద్ద పనుల్లో మిగిలే సన్నని ముక్కలను అడ్డకర్రలకు వాడండి. కర్ర బాగా ఆరనిదే అతుకు వేయకండి. పచ్చి కర్ర ఎండి కుంచించుకుపోతే అతుకులు వదులవుతాయి.