బిల్లింగ్ మెషీన్ కొనాలా, అబ్బాయి కోర్సుకి దాచాలా?

ప్రశ్న: ఒడిశాలోని పర్లాకిమిడిలో మాకు కిరాణా కొట్టు ఉంది. జీఎస్టీ కాంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నాం. అబ్బాయి బీకాం ఆఖరి ఏడాది. కంప్యూటర్ బిల్లింగ్ పెట్టిస్తే కొట్టు తనే చూసుకుంటానంటున్నాడు. డీలర్ 85 వేలకు కొటేషన్ ఇచ్చాడు. ఆ డబ్బు మెషీన్ మీద పెట్టాలా, వాడి అకౌంట్స్ కోర్సుకి దాచాలా?

జవాబు: బాబు కొట్టు మీద మనసు పెట్టాడంటే సంతోషించాల్సిన విషయం, వద్దనకండి. కానీ 85 వేలు ఇప్పుడే తీయకండి. మొదటి మూడు నెలలకు 15 వేలు దాటకుండా చూసుకోండి. ఇంట్లో ఉన్న ఫోనే వాడుకుని, బ్లూటూత్‌తో పనిచేసే రెండంగుళాల థర్మల్ ప్రింటరూ, పేపర్ రోల్స్, ఏడాది సాఫ్ట్‌వేర్ చందా ఆ డబ్బులోనే వచ్చేలా అడగండి. థర్మల్ ప్రింటర్‌కి ఇంకు ఖర్చు ఉండదు.

కొటేషన్‌లో రాయని ఖర్చే అసలైనది: సరుకుల జాబితా ఎక్కించడం. మీ కొట్టుకి వచ్చేవాళ్లలో ఒకరు కందిపప్పు అంటారు, ఇంకొకరు దాన్నే ఒడియాలో హరడ డాలి అంటారు. అబ్బాయి రెండు పేర్లతో రెండుసార్లు ఎక్కించాడనుకోండి, బస్తా ఖాళీ అయినా కంప్యూటర్‌లో మాత్రం స్టాక్ కనిపిస్తూనే ఉంటుంది. పైగా విడిగా తూచి అమ్మే పప్పుకి బార్‌కోడ్ ఉండదు. కాబట్టి ప్యాకెట్ సరుకు ఎంత, విడి సరుకు ఎంత అని చూసుకున్నాకే స్కానర్ సంగతి ఆలోచించండి. అరువు పద్దు రాసుకునే వీలు లేని సాఫ్ట్‌వేర్ మాత్రం ఎంత చవకైనా వద్దు.

కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు బిల్లు మీద జీఎస్టీ విడిగా వేసి వసూలు చేయకూడదు, ‘బిల్ ఆఫ్ సప్లై’ (పన్ను విడిగా చూపని బిల్లు) ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్‌లో ఆ సెట్టింగ్ డీలర్ చేతే పెట్టించండి. పరికరాల మీద కట్టే 18 శాతం పన్ను కూడా మీకు వెనక్కి రాదు, అందుకని పన్నుతో కలిపిన ధరే మీ ఖర్చు. ఇంకో సంగతి. పాతపట్నం మీకు పక్క వీధిలాంటిదే అయినా ఆంధ్రలో ఉంది, లెక్క ప్రకారం వేరే రాష్ట్రం. అక్కడి దుకాణాలకు సరుకు పంపి అమ్మితే ఈ స్కీమ్ వర్తించదు. విశాఖ నుంచి కొని తెచ్చుకోవడానికి మాత్రం అడ్డు లేదు.

కార్డ్ మెషీన్ ఇప్పుడే వద్దు. దానికి అద్దె, చాలా కార్డులకు గీసినప్పుడల్లా కమీషన్ ఉంటాయి. బ్యాంకు ఖాతా నుంచి చేసే మామూలు యూపీఐ చెల్లింపులకు 2020 జనవరి నుంచి దుకాణదారుడి మీద ఆ కమీషన్ లేదు. క్యూఆర్ స్టిక్కర్ చాలు. సౌండ్ బాక్స్ తీసుకుంటే నెల అద్దె ఎంతో ముందే అడగండి. రెండో ఏడాది చందా ఎంత, మన డేటా ఎక్సెల్‌లోకి తీసుకోవచ్చా అనే రెండు ప్రశ్నలకు డీలర్ చేత కాగితం మీద రాయించుకోండి.

మిగిలిన 70 వేలు కోర్సు కోసం కదపకుండా ఉంచండి. అయితే కోర్సులో కూడా నేర్పని పని బాబుకి కొట్టులోనే దొరుకుతుంది. కొనుగోలు బిల్లులు ఎక్కించడం, నెలాఖరు స్టాక్ సరిచూడటం, మూడు నెలలకోసారి కాంపోజిషన్ పన్ను లెక్క కట్టడం తన చేత్తో చేసినవాడు ఏ అకౌంట్స్ ఆఫీసులోనైనా ఇంటర్వ్యూలో తడబడడు. నాకు ఆ నమ్మకం ఉంది.

ఈ ఆదివారం కొట్టు మూశాక ఇద్దరూ కూర్చుని పప్పుల అర ఒక్కటీ లెక్క రాయండి. ఎన్ని పేర్లు తేలాయో చూసుకుని, సోమవారం డీలర్‌కి ఫోన్ చేయండి.