మూడు వచనాలు పైన

చిట్టితల్లికి,

ప్రభువు నామంలో పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ ఏడాది బైబిల్ మొదటి నుంచి చివరిదాకా చదవాలనుకుంటున్నావని, ఏ అనువాదం తీసుకోవాలో తేలక నాలుగు రోజులుగా తల పట్టుకున్నావని మీ అమ్మ చెప్పింది. చదువుతూనే సంఘంలో ఆడపిల్లలకు పాఠం కూడా చెబుతావట. మొదటి మాటకి పొంగిపోయాను. రెండో మాటకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు నువ్వు అడిగినదానికి జవాబు.

ఒకటి కాదు, రెండు పెట్టుకో. ఒకటి మన చిన్నప్పటి నుంచి వింటున్న బైబిల్ సొసైటీ వారి పాత అనువాదం. మూలానికి దగ్గరగా, మాటకి మాటగా వెళ్తుంది. భాష గ్రాంథికం, కానీ కీర్తనలు పైకి చదివితే ఆ నడక వేరే దేనికీ రాదు. రెండోది వాడుక తెలుగులో ఉన్నది: ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ అయినా సరే, తెలుగు సమకాలీన అనువాదం అయినా సరే. ఇంగ్లీషులో చదువుతానంటే ఈఎస్‌వీ అనే అనువాదం మాటను పట్టుకుంటుంది, ఎన్‌ఐవీ మాటకీ భావానికీ మధ్య నడుస్తుంది. ద మెసేజ్ లాంటివి ఒక్కరు తన వాడుక మాటల్లో రాసినవి. సరదాగా చదువుకో, పాఠం మాత్రం వాటి మీద కట్టకు.

రెండెందుకంటావేమో. నీకు ఏడేళ్లప్పుడు 27వ కీర్తన చివర "యెహోవాకొరకు కనిపెట్టుకొని యుండుము" అని చదివి, "దేవుడి కోసం మనం ఏం కనిపెట్టాలి పెద్దమ్మా, రేడియోనా?" అని అడిగావు. నవ్వాను గానీ తప్పు నీది కాదు. ఆ అనువాదం చేసిన రోజుల్లో కనిపెట్టడం అంటే ఎదురుచూడడం. మాట అక్కడే ఉండిపోయింది, మనం జరిగిపోయాం. వాడుక అనువాదం పక్కన ఉంటే ఇలాంటివి ఇట్టే దొరుకుతాయి.

ఒక్కోసారి తేడా భాషది కాదు, మూలానిదే. యోబు గ్రంథం 13:15 చూడు. మన పాత అనువాదంలో ఆయన నన్ను చంపినా ఆయన కోసమే కనిపెడతాను అంటాడు యోబు. కొన్ని ఇంగ్లీషు అనువాదాల్లో ఆయన నన్ను చంపుతాడు, నాకిక ఆశ లేదు అంటాడు. రెండూ హీబ్రూ నుంచే! అక్కడ "లో" అనే చిన్న మాట ఉంది. ఒక అక్షరంతో రాస్తే "లేదు", ఇంకో అక్షరంతో రాస్తే "ఆయన కోసం". పలకడం మాత్రం ఒకటే. హీబ్రూ ప్రతిలో రాసి ఉన్నది మొదటిది, అంచున ఇలా చదవమని ఉన్నది రెండోది. అందుకే పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న గమనికలు దాటేయకు. నాకైతే రెండు అర్థాలూ యోబు నోటికి సరిపోతాయనే అనిపిస్తుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి అని ఉంటాడు పాపం.

యోబు పేరు ఎత్తాను కాబట్టి ఆ సంగతి చెప్పేస్తాను. మీ అమ్మకి కూడా తెలియదు.

నాకు అప్పుడు ముప్ఫై రెండేళ్లు. వచనాలు రిఫరెన్సులతో సహా నోటికి వచ్చేవి. ఎవరికి ఏ కష్టం వచ్చినా దానికో వచనం నా దగ్గర సిద్ధం. ఆ పేరుకి మురిసిపోయేదాన్ని కూడా. మా సంఘంలో ఒకావిడకి పందొమ్మిదేళ్ల కొడుకు చనిపోయాడు. నేను ఒక కార్డు మీద, అక్షరాలు గుండ్రంగా దిద్ది, యోబు 8:7 రాశాను. మొదట నీ స్థితి కొద్దిగా ఉన్నా తుదకు మహాభివృద్ధి పొందుతావు అనే వచనం. గోడ క్యాలెండర్ల మీద చూసే ఉంటావు. ఆవిడ చేతిలో పెట్టి, ప్రార్థన చేసి, తృప్తిగా ఇంటికి వచ్చాను.

వారం తర్వాత మళ్లీ వెళ్లాను. బల్ల మీద బైబిల్ తెరిచి ఉంది, నా కార్డు ఆ పేజీలోనే ఉంది. ఆవిడ కోప్పడలేదు, ఏడవలేదు. ఏడో వచనానికి మూడు వచనాలు పైన వేలు పెట్టి, "ఇది కొంచెం చదువమ్మా" అంది. పైకే చదివాను. నీ కొడుకులు ఆయన ఎదుట పాపం చేశారేమో, అందుకే ఆయన వాళ్లను వాళ్ల తిరుగుబాటుకి అప్పగించాడేమో... సగంలో గొంతు ఆగిపోయింది.

"నువ్వు చదివే ఇచ్చావనుకున్నాను" అంది. అంతే.

అది దేవుడి మాట కాదు చిట్టీ, యోబును ఓదార్చడానికి వచ్చిన ముగ్గురు స్నేహితుల్లో ఒకడైన బిల్దదు మాట. పదిమంది పిల్లల్నీ ఒకే రోజు పోగొట్టుకున్న తండ్రితో, తప్పు నీ పిల్లలదే అయి ఉంటుంది, నువ్వు సరిగ్గా ఉంటే బాగుపడతావులే అంటున్నాడు. మనం ఆ చివరి ముక్క కత్తిరించి వాగ్దానం అంటున్నాం. పుస్తకం చివర, 42వ అధ్యాయంలో, ఆ ముగ్గురు స్నేహితులు తన గురించి సరిగ్గా మాట్లాడలేదని దేవుడే కోప్పడతాడు. అంతదాకా నేను చదవలేదని కాదు. చాలాసార్లు చదివాను, ముక్కలు ముక్కలుగా.

మళ్లీ వాళ్లు అన్నదంతా చెత్త అని పారేయడానికీ లేదు. ఆ ముగ్గురిలో ఇంకొకడైన ఎలీఫజు మాట ఒకటి పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో లేఖనంగానే ఎత్తి రాస్తాడు. కాబట్టి ఎవరు అంటున్నారు, ఎవరితో, ఏ సందర్భంలో అని ప్రతిసారీ కూర్చుని చూసుకోవాల్సిందే, దగ్గరి దారి లేదు. ఆ స్నేహితులు మొదట చేసిన పని మాత్రం నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఏడు రోజులు, ఏడు రాత్రులు యోబు పక్కన నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట అనకుండా. నేను ఆ ఒక్కటీ చేసి ఉంటే చాలు.

ఈ వచనాల అంకెలు కూడా మనల్ని కొంత చెడగొట్టాయి. మనం వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది. కొత్త నిబంధనకి ఇప్పుడున్న వచనాల అంకెలు 1551లో ఒక ముద్రాపకుడు వేశాడు. వెతుక్కోవడానికి వేసిన గుర్తులు అవి. మనం వాటిని పట్టుకుని ఒక్కో వచనాన్నీ విడిగా తుంచేశాం. నీ ఫోన్‌లో రోజూ పొద్దున్నే ఒక్క వచనం వస్తుంది చూడు, అది ఆపెయ్.

చదివే పద్ధతి అడిగావు. 1189 అధ్యాయాలు, ఏడాదిలో అవ్వాలంటే రోజుకి మూడు, కొన్ని రోజులు నాలుగు. లెక్క తప్పితే టెన్షన్ పడకు, రెండేళ్లు పట్టనీ. చిన్న పుస్తకాలు ఒక్క బిగిన కూర్చుని చదువు. మార్కు సువార్త పైకి చదివినా రెండు గంటలు పట్టదు. స్టడీ బైబిల్‌లో కింద ఉన్న వ్యాఖ్యానం చివర చూడు, ముందు కాదు. ఎంత పండితుడు రాసినా అది మనిషి రాసిందే. నాలుగు రంగుల హైలైటర్లు కొన్నావట, ఏం తల్లీ, రంగులు వేయడానికా చదవడానికా? పెన్సిల్ చాలు, రేపు అభిప్రాయం మారితే చెరుపుకోవచ్చు.

ఆ పిల్లలకి పాఠం మాత్రం ఒక ఆరు నెలలు ఆగి మొదలుపెట్టు. నువ్వు చెప్పలేవని కాదు. నాకన్నా బాగా చెబుతావు, గొంతు కూడా మంచిది, అందుకే నా భయం. బాగా చెప్పేవాళ్లని ఎవరూ ఆపి, మూడు వచనాలు పైన చదవమని అడగరు.

నా పాత బైబిల్ నీకే పంపుతున్నాను. అట్ట ఊడింది, జాగ్రత్తగా తెరువు. యోబు 8వ అధ్యాయంలో ఒక కార్డు ఉంటుంది. ఆవిడ నాకు తిరిగి ఇచ్చేసింది. అది అక్కడే ఉండనీ.

లేవీయకాండం దగ్గర చాలామంది ఆగిపోతారు. నువ్వూ ఆగితే ఫోన్ చెయ్యి. తిట్టను, మీ అమ్మకి చెప్పను కూడా.

నీ పెద్దమ్మ