కొత్తగా బడికి పోతున్న బుజ్జమ్మకు పెద్దమ్మ రాస్తున్నది

కావలి

బుజ్జమ్మా,

నీకు ఉదయగిరి వైపు ప్రైమరీ స్కూల్లో పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎంత సంతోషపడ్డానో! 2025లో టీచరు ఉద్యోగాలకు పెట్టిన మెగా డీఎస్సీలో ఉన్నవి 16,347 పోస్టులు. అందులో ఒకటి మనింటికి వచ్చిందంటే మాటలా! ఆ వెంటనే, నెల్లూరు దగ్గరికి బదిలీ ఎప్పుడు పెట్టుకోవచ్చో నువ్వు అప్పుడే కనుక్కుంటున్నావని కూడా చెప్పింది. దాంతో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంకా బడి గడప తొక్కకముందే బయటికొచ్చే దారి వెతుక్కుంటే ఎట్లమ్మా? ఈ టీచరమ్మ ఉండే మనిషో పోయే మనిషో పిలకాయలు పసిగట్టేస్తారు. వాళ్ల అమ్మానాన్నలు ఇంకా ముందే పసిగడతారు. ఆ మాట ఇంకెవరి దగ్గరా అనొద్దు.

సరే, తిట్టడం అయిపోయింది.

జాయినింగ్ రిపోర్టు, సర్వీస్ రిజిస్టరు, జీతం బిల్లు, ఇవన్నీ ఆఫీసువాళ్లను అడిగితే చెప్తారు. యాప్‌లు, ఫొటోలు, ఆన్‌లైన్ హాజరు వారం పది రోజుల్లో అలవాటైపోతాయి. వాటి గురించి టెన్షన్ పడకు.

నువ్వు నెల్లూరులో ప్రైవేటు స్కూల్లో చేసిన అనుభవం ఇక్కడ సగమే పనికొస్తుంది. అక్కడ ఒక గదిలో ఒకే తరగతి. ఇక్కడ ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు. నువ్వు మూడో తరగతికి ఎక్కాలు చెప్తుంటే ఒకటో తరగతి వాడొచ్చి నీ చున్నీ పట్టుకుని ఒంటికి పోతానంటాడు. నాలుగో తరగతిలో ఇద్దరు కొట్టుకుంటుంటారు. పుస్తకాలు చూస్తే మాత్రం ఇంతేనా అనిపిస్తుంది. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు. మూడో తరగతి నుంచి పరిసరాల విజ్ఞానం కలుస్తుంది. లెక్కల పుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఈ కొద్దిపాటి చదువుకు విద్యాహక్కు చట్టం ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటలు పెట్టింది. పేజీలు తిప్పడానికే అయితే అన్ని గంటలు అక్కర్లేదు గదా. ఒక్కో పిల్లకు ఒక్కో చోట పడే ముడి ఉంటుంది, అది విప్పడానికే ఆ టైమంతా.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో పనిచేసిన ఒక బడి సంగతి చెప్తాను, ఇది మాత్రం నింపాదిగా చదువు. ఊరి పేరు వద్దులే. అక్కడి హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు. టైముకు వచ్చేవాడు, సుద్దముక్కలు అయిపోతే సొంత డబ్బుతో తెచ్చేవాడు. ఆయనకున్న పట్టింపల్లా ఒకటే, సిలబస్ అయిపోవాలి, నోట్సులు నిండాలి. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఆఫీసరు చూసేది నోట్సులే గదా. అందుకని పాఠం అయ్యీ కాకముందే ప్రశ్నలు, జవాబులు బోర్డు మీదికి ఎక్కేవి. పిలకాయలు చూసి రాసుకునేవాళ్లు. మధ్యాహ్నం పూట బడంతా చప్పుడు లేకుండా ఉండేది. దాన్ని చూసి అబ్బ, ఎంత క్రమశిక్షణ అని మెచ్చుకున్నవాళ్లే అందరూ.

అయిదో తరగతిలో గొర్రెల కాపరి కొడుకు ఒకడుండేవాడు. బడి మొత్తానికి వాడి నోట్సే అందం. తలకట్లు, కొమ్ములు, వత్తులు, అన్నీ అచ్చేసినట్టు ఉండేవి. ఎవరొచ్చినా ముందు అదే చూపించేవాళ్లు. ఒకరోజు బడి వదిలే వేళకు వాళ్ల నాయన వచ్చాడు. భుజాన గొంగళి, చేతిలో ఇన్‌లాండ్ లెటర్. బెంగళూరు పనికి పోయిన తమ్ముడు ఎవరి చేతో రాయించి పంపిన ఉత్తరం. కొడుకును పిలిచి చదవమన్నాడు. వాడు మొదటి అక్షరం మీద వేలు పెట్టాడు. ఆ వేలు ఇక కదల్లేదు. నేను పక్కకు పోయి చూశాను. ‘అన్నకు’ అని ఉంది. ‘అ’ అన్నాడు, ఆగిపోయాడు. ఆ నావత్తు వాడు అయిదేళ్లలో ఎన్ని వందల సార్లు రాసి ఉంటాడో. ఎట్ల గీయాలో తెలుసు, ఏమని పలకాలో తెలీదు. వాళ్ల నాయన కోప్పడలేదు. నా వైపు తిరిగి, ‘రోజూ రాస్తానే ఉంటాడు గదమ్మా, వీడు రాసింది వీడికే తెలీదా?’ అని అడిగాడు, అంతే. ఉత్తరం నేనే చదివి వినిపించాను. తమ్ముడికి జ్వరమొచ్చి తగ్గిందంట, సంక్రాంతికి రాలేనని రాయించాడు.

మర్నాటి నుంచి బడి అయ్యాక వాడిని కూర్చోబెట్టుకున్నాను. పుస్తకం తీస్తే మూగవాడయ్యేవాడు. గొర్రెల గురించి అడిగితే మాటలు ఆగేవి కావు. నెల్లూరు గొర్రెల్లో జొడిపి ఏది, పల్ల ఏది, డోర ఏది, మొహం మీద నల్లచార ఎక్కడుంటే ఏమంటారు, అన్నీ చెప్పేవాడు. వాడు చెప్పిన మాటలే పలక మీద రాసి, నువ్వు చెప్పిందే ఇది, చదువు అనేదాన్ని. ‘మా జొడిపి ఈనింది.’ అది చదివాడు. తర్వాత ‘పల్లకు కాలు విరిగింది.’ అక్కడ లావత్తు పట్టుకున్నాడు. అట్లా కొన్ని వత్తులు వచ్చాయి. ఇంతలో కోతలయ్యాయి, మందను మాగాణుల్లోకి తోలుకుపోయే కాలం వచ్చింది, ఇంటిల్లిపాదీ వెళ్లిపోయారు. వాడు మళ్లీ బడికి రాలేదు. మిగతా వత్తులు ఎవరైనా నేర్పారో లేదో నాకు తెలియదు.

ఆ పిల్లోణ్ని దగ్గర కూర్చోబెట్టుకుని, వాడు ఎన్నడూ చూడని నాలుగు వాక్యాలు ముందు పెట్టి, చదువు నాయనా అని అయిదేళ్లలో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే రెండో తరగతిలోనే బయటపడేది. అందుకే బుజ్జమ్మా, మొదటి వారం పాఠం జోలికి పోకు. ఒక్కో పిల్లనూ విడిగా పిలువు. వాళ్ల పుస్తకంలోది కాకుండా నువ్వు సొంతంగా రాసింది చదివించు. సరళ పదాలు వస్తాయా, గుణింతాలు వస్తాయా, ద్విత్వాలు, సంయుక్తాలు వస్తాయా, ఎవరు ఎక్కడ ఆగారో ఒక పుస్తకంలో రాసుకో. నాలుగో తరగతిలో ఉన్నా గుణింతం దగ్గర ఆగినవాడికి గుణింతం నుంచే చెప్పాలి. సిలబస్ వెనకబడుతుందని ఎవరన్నా గొణిగితే ఆ పుస్తకం చూపించు.

ఇప్పుడు ప్రభుత్వమూ ఈ మాటే చెప్తోంది. 2021లో చిన్న తరగతుల పిలకాయలకు చదవడం, లెక్కలు రావాలని నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టి, ఒకటో తరగతి అయ్యేసరికి నాలుగైదు చిన్న మాటలున్న వాక్యం చదవాలని, రెండుకు నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడుకు కనీసం 60 మాటలు అర్థం తెలిసి చదవాలని పెట్టారు. అంకెల్లో వరసగా 99, 999, 9999 దాకా. లక్ష్యం మంచిదే. కాకపోతే తెలుగులో ఒక్కో మాట ఎంత పొడుగుంటుందో నీకు తెలుసు. గడియారం ఎదురుగా పెట్టి పిలకాయల్ని పరిగెత్తించొద్దు. చదివాక, ‘ఇందులో ఎవరొచ్చారు, ఏం చేశారు’ అని అడుగు. చెప్పగలిగితే వచ్చినట్టే.

వత్తులకు వాళ్ల పేర్లే వాడుకో. మన జిల్లాలో ఏ బడికి పోయినా ఒక పెంచలయ్య, ఒక మస్తానమ్మ ఉంటారు. పెంచలయ్యకు యావత్తు వాడి పేరులోనే ఉంది. మస్తానమ్మకు తావత్తు, మావత్తు రెండూ దొరుకుతాయి. తన పేరులో ఉన్న వత్తును ఏ పిల్లా మర్చిపోదు.

లెక్కల్లో స్థానవిలువ దగ్గరే కొంప మునిగేది. నూట పదిహేను రాయమను, ఎవరో ఒకరు 10015 అని రాసి తెస్తారు. దాని మీద ఇంటూ కొట్టకు. నూరు రాశాడు, పక్కన పదిహేను రాశాడు, విన్నది విన్నట్టు రాశాడు. చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టించు, పది కట్టలు కలిపి ఒక పెద్ద మోపు చేయించు, మోపు ఎన్ని, కట్టలు ఎన్ని, విడి పుల్లలు ఎన్ని అని అడిగి అప్పుడు రాయించు. అట్లాగే 52లో నుంచి 28 తీసేయమంటే 36 అని వేస్తారు. ఎనిమిదిలో రెండు తీసేశారు, అయిదులో రెండు తీసేశారు. పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలని మనమే గదా చెప్పింది! తప్పు లెక్క వెనక వాడి ఆలోచన ఏమిటో కనుక్కో. అది తెలిస్తే దిద్దడం ఎంతసేపు.

ఇంగ్లీషు కోసం ఊళ్లోవాళ్లు నిన్ను నిలదీస్తారు. వాళ్ల ఆశ న్యాయమైనదే, కూలి చేసుకునేవాళ్ల పిల్లలకు ఇంగ్లీషు ఎందుకనే మాట నీ నోట రానీయకు. కానీ ముందు తెలుగు పేజీలో విషయం ఎక్కించి, తర్వాత ఎదురు పేజీకి పో. రోజూ రెండు మూడు ఇంగ్లీషు వాక్యాలు వాళ్ల చేత మాట్లాడించు. బట్టీ పట్టిన రైమ్స్ చూసి మురిసిపోకు.

పరిసరాల విజ్ఞానానికి నీకు దొరికిన ఊరు అదృష్టం. పుస్తకంలో కోట బొమ్మ ఉంటే, కిటికీ లోంచి ఉదయగిరి కొండ చూపించొచ్చు. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట అది. చేతిపనుల పాఠం వస్తే ఉదయగిరి చెక్క చెంచాలు చేసేవాళ్లను బడికి పిలిచి కూర్చోబెట్టు. నీళ్ల పాఠం మాత్రం జాగ్రత్తగా చెప్పు. ఆ మెట్ట మండలాల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, కొందరు పిలకాయల పళ్ల మీద పసుపు గారలు చూస్తావు. ‘శుభ్రమైన నీరు రంగు, రుచి, వాసన లేనిది’ అని బోర్డు మీద రాసి వదిలేస్తే ఎట్ల? వాళ్ల బోరు నీళ్లకూ రంగు లేదు, వాసన లేదు. ఏ నీళ్లు తాగుతున్నారు, క్యాన్ ఎంత, ఎవరింట్లో కొనలేరు, ఆ కబుర్ల నుంచే పాఠం మొదలుపెట్టు. నువ్వు కూడా ఆ బోరు నీళ్లు తాగొద్దు.

నువ్వు పోయే దారిలో కలిగిరి వస్తుంది. ఆ మండలంలోదే దూబగుంట. పెద్దవాళ్లకు చదువు నేర్పే అక్షరదీపం రాత్రిబళ్లు నడిచిన రోజుల్లో నేను కుర్ర టీచర్ని. అప్పటి వాచకంలో సారా వల్ల కాపురం కూలిన ఒక ఆడమనిషి కథ ఉండేది. పగలంతా పొలంలో వంగి నడుములు పోయిన ఆడవాళ్లు లాంతరు వెలుగులో కూడబలుక్కుని అది చదివి, ఇది మా కథే గదా అన్నారు. 1992లో దూబగుంట రోశమ్మ, ఆ ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. పాఠం వాళ్ల ఇంటి గడప దాకా పోయింది కాబట్టే అంత జరిగింది. బళ్లో పాఠం చెప్పేటప్పుడు ఇది వీళ్లింట్లో ఎక్కడ తగులుతుందని ఒక్క నిమిషం ఆలోచించి మొదలుపెట్టు.

ఇంక నా భయాలు. మధ్యాహ్న భోజనం దగ్గర నువ్వే నిలబడు. కాగే సాంబారు గిన్నె పిలకాయల వరస పక్కన ఎప్పుడూ పెట్టనీయొద్దు. గిన్నె దించాక, మూత పెట్టాక, గోడ వారకు జరిపాక, అప్పుడు పిలకాయల్ని కూర్చోబెట్టించు. తొందర్లో తోసుకుంటారు, పిల్లల ఒళ్లు లేత. ఈ ఒక్కదాని గురించి పదిసార్లు చెప్తాను, విసుక్కోకు. అన్నం దగ్గర ఎవరు ఎవరి పక్కన కూర్చోరో కూడా కనిపెట్టు. ఊళ్లోని కులాల ఎడం బళ్లోకి నడిచొచ్చేది ఆ వరసలోంచే. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వకుండా, రోజుకో వరసలో కలిపి కూర్చోబెట్టు, నువ్వూ వాళ్ల మధ్య కూర్చుని తిను.

బెత్తం పట్టుకోకు. చట్టం ఒప్పుకోదు, అది అట్లుంచి, నీ చేతికి అది నప్పదు. చిన్నప్పుడు కోడిపిల్ల చచ్చిపోతే రెండు రోజులు అన్నం తినని పిల్లవి నువ్వు. ఆ మనసుతోనే బడికి పో, సరిపోతుంది.

చీకటి పడ్డాక దుత్తలూరు రోడ్డు మీద స్కూటీ వేసుకుని ఒంటరిగా రాకు. శనివారం ఆలస్యమైతే అక్కడే ఉండిపో, ఆదివారం పొద్దున బస్సెక్కు. నా పాత అక్షరాల అట్టముక్కలు, పది పది కట్టలు కట్టిన పుల్లలు అటక మీద పెట్టెలో ఉన్నాయి. అవి దించి మీ అమ్మ చేతికిస్తాను, నువ్వు చేరేలోపు అందుతాయి. మొదటి వారం ఎవరు ఎక్కడ ఆగారో రాసుకున్నాక ఆ పేజీ ఫొటో తీసి నాకు పెట్టు, కూర్చుని ఒక్కో పిల్ల గురించి మాట్లాడుకుందాం. ఇల్లు ఉదయగిరిలో చూస్తున్నారా, ఊళ్లోనేనా? ఊళ్లోనే అయితే ఇంటావిడ ఎట్లాంటి మనిషో కనుక్కుని రాయి.

మీ పెద్దమ్మ