వాన చప్పుడుకే ఉలిక్కిపడుతుంటే...

ప్రశ్న: వరదలో మా ఇల్లు మునిగి మూడు వారాలైంది. అందరం క్షేమమే. కానీ వాన మొదలైతే చాలు, అమ్మ లేచి కూర్చుంటోంది. రాత్రంతా కలిపి మూడు గంటలైనా పడుకోవడం లేదు. జరిగిందంతా చెప్పించేస్తే తేలికపడుతుందని కొందరు, నిద్రమాత్ర ఇవ్వమని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: రెండూ వద్దు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చుట్టూ ఉన్న చప్పుళ్లు, వాసనలు మెదడులో ప్రమాద సంకేతాలుగా ముద్రపడతాయి. అందుకే మామూలు జల్లుకూ గుండె దడదడలాడుతుంది. వాన పడ్డా ఏమీ జరగలేదన్న అనుభవం పదేపదే ఎదురైతే చాలామందిలో ఈ జంకు కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. మూడు వారాలకే దీన్ని జబ్బు అనక్కర్లేదు.

బాధితుల్ని కూర్చోబెట్టి ఒక్క విడతలో అంతా చెప్పించే పద్ధతి ఒకప్పుడు బాగా వాడుకలో ఉండేది. అది తర్వాతి సమస్యల్ని ఆపలేదనీ, కొందరికి చేటు కూడా చేసిందనీ పరిశోధనల్లో తేలింది. ఆమె తనంతట తాను చెబితే వినండి, మధ్యలో ఆపేస్తే అక్కడితో వదిలేయండి. ‘పోనీలే, ప్రాణాలు దక్కాయి కదా’ అనడం మాత్రం మానండి. ఆ మాటతో ఆమె నోరు మూతపడుతుంది.

ఇక మాత్రలు. డయజపాం, ఆల్‌ప్రజోలం లాంటివి మొదటి నెలలో ఈ నిద్రలేమికి ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. అవి అలవాటుగా మారతాయి, పెద్దవయసువారు తూలి పడతారు. అయితే ఇప్పటికే వాడుతున్నవాటిని ఉన్నట్టుండి ఆపకూడదు. వరదలో కొట్టుకుపోయిన బీపీ, షుగర్, మానసిక వైద్యం మందులు మళ్లీ తెచ్చారో లేదో ముందు చూడండి. ఈ సంగతి చాలా ఇళ్లలో మరిచిపోతారు.

రాత్రి ఎలా గడిచినా ఉదయం ఒకే వేళకు లేపండి. పగటి కునుకు అరగంట దాటనివ్వకండి. పడుకుని ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి వేరేచోట కూర్చుని, కళ్లు బరువెక్కాక మళ్లీ పడుకోవాలి. వాన మొదలైనప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలడం ఐదు నిమిషాలు చేయించండి. టార్చి, కాగితాలు, మందులతో ఒక సంచి సర్ది పెట్టడం మంచిదే. గంటగంటకూ దాన్ని విప్పి చూసుకుంటే మాత్రం భయం ఇంకా పెరుగుతుంది. ఫోన్లో వరద వీడియోలు చూడనివ్వకండి.

నెల దాటినా పీడకలలు, జరిగింది మళ్లీ కళ్ల ముందే జరుగుతున్నట్టు అనిపించడం, ఆ చోటికి పోలేకపోవడం తగ్గక, రోజువారీ పనులు కుంటుపడితే మానసిక వైద్యుల్ని కలవండి. చచ్చిపోవాలన్న మాట వచ్చినా, తిండీ నీళ్లూ మానేసినా ఆ రోజే వెళ్లాలి, ఆమెను ఒంటరిగా వదలొద్దు. నెల దాటినా తగ్గని ఈ భయానికి ఇచ్చే మానసిక చికిత్స సాధారణంగా 8 నుంచి 12 విడతలు ఉంటుంది. అక్కడా జరిగింది చెప్పిస్తారు కదా అంటారేమో. అక్కడ శిక్షణ పొందినవారు ఆమె తట్టుకోగలిగినంత మేరకే మెట్టుమెట్టుగా చెప్పిస్తారు.

ప్రశ్న: తుపాను తర్వాత మా ఆరేళ్ల బాబు మళ్లీ పక్క తడుపుతున్నాడు. ఎప్పుడూ ఇల్లు కూలిపోయే ఆటే ఆడుతున్నాడు.

జవాబు: తిట్టొద్దు, నలుగురిలో చెప్పొద్దు. పడుకునే ముందు గుర్తుంచుకుని మూత్రానికి వెళ్తే మెచ్చుకోండి. మంట, జ్వరం, విపరీతమైన దాహం ఉంటే మూత్రపరీక్ష చేయించండి. ఆ ఆట భయాన్ని అరిగించుకునే దారి కాబట్టి ఆపొద్దు. ఆడిన ప్రతిసారీ ఇంకా బెదిరిపోతుంటే మీరూ కలవండి, ఆటలోకి ఒక పడవనో, కాపాడే మనిషినో తీసుకురండి. బడి తెరవగానే పంపండి.

ప్రశ్న: భూకంపం జరిగి ఏడాది కావస్తోంది. కుదుటపడ్డాననుకున్న నాకు, ఆ తేదీ దగ్గరపడేకొద్దీ మళ్లీ నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఇది తరచుగా కనిపించేదే. చాలావరకు ఆ తేదీ దాటిన కొద్ది రోజులకు తగ్గిపోతుంది. ఆ రోజు ఎవరితో ఉండాలో, ఏం చేయాలో ముందే అనుకోండి. టీవీలో పాత దృశ్యాలు వేస్తారు, కట్టేయండి. మద్యంతో నిద్ర తెచ్చుకోవాలని చూస్తే అర్ధరాత్రి మెలకువ వచ్చేస్తుంది.