గళ్లు చెదరకుండా, ముఖం సాగకుండా: ఫొటో చిన్నది చేయడంపై మీ ప్రశ్నలు

ప్రశ్న: మేము నారాయణపేట చీరలు అమ్ముతాం. ఫోన్‌లో తీసిన ఫొటో బాగానే ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో పెట్టగానే సన్న గళ్ల మీద నీటి అలల్లాంటి చారలు వస్తున్నాయి. ఎర్ర అంచు మసకబారుతోంది. ఫోన్ మార్చాలా? (నారాయణపేట)

జవాబు: ఫోన్ మార్చనక్కర్లేదు, లెక్క చూసుకుంటే చాలు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు (బొమ్మలోని అతి చిన్న రంగు చుక్కలకు) కుదించుకుపోతుంది. ఐదున్నర మీటర్ల చీర మొత్తం పరిచి తీస్తే ఒక్కో పిక్సెల్ మీద దాదాపు మూడున్నర మిల్లీమీటర్ల బట్ట పడుతుంది. మీ గడి వెడల్పే మూడు మిల్లీమీటర్లయితే దాన్ని చూపడానికి పిక్సెళ్లు ఎక్కడివి? గళ్ల వరుస, పిక్సెళ్ల వరుస ఒకదానితో ఒకటి పొసగక లేని చారలు పుట్టుకొస్తాయి. గడి గడిగా కనపడాలంటే దానికి కనీసం నాలుగైదు పిక్సెళ్లు దక్కాలి. కాబట్టి చీరను మడిచి, మీటరు వెడల్పు మాత్రమే ఫ్రేములోకి వచ్చేలా తీయండి. అప్పుడు పిక్సెల్‌కు 0.6 మిల్లీమీటర్లే పడుతుంది, మూడు మిల్లీమీటర్ల గడి నిలుస్తుంది. చీరకు మూడు ఫొటోలు పెట్టడం మంచిది: మడత, కొంగు, అంచు దగ్గరి నుంచి ఒకటి. మొత్తం పరిచిన ఫొటో కొనేవాళ్లకు పెద్దగా ఉపయోగపడదు.

చారలు ఎక్కడ పుట్టాయో ముందు తేల్చుకోండి. అసలు ఫొటోను ఫోన్‌లో బాగా పెద్దది చేసి చూడండి. అక్కడా చారలుంటే అవి కెమెరాలోనే వచ్చాయి. ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగి, ఫోన్‌ను కొద్దిగా వాల్చి మళ్లీ తీయండి. పెద్దది చేస్తే శుభ్రంగా ఉండి, చిన్నగా చూసినప్పుడే చారలుంటే తప్పు కుదింపుది. అలాంటప్పుడు మీరే ముందుగా 1600 పిక్సెళ్లకు తగ్గించి పంపండి. కంప్యూటర్ ఉంటే ఉచితంగా దొరికే ఫొటో సాఫ్ట్‌వేర్ జింప్‌లో స్కేల్ ఇమేజ్ తెరిచి, ఇంటర్‌పోలేషన్ దగ్గర ‘నన్’ కాకుండా ‘క్యూబిక్’ పెట్టండి. ‘నన్’ పెడితే మధ్య పిక్సెళ్లను లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తుంది, గళ్ల బట్టకు అంతకంటే చెడ్డది లేదు. అయినా చారలు పోకపోతే, తగ్గించే ముందు అతి స్వల్పంగా బ్లర్ చేయండి.

ఎర్ర అంచు సంగతి వేరు. ఫొటోలను సాధారణంగా దాచే జేపెగ్ పద్ధతిలో వెలుగునీడల వివరం పూర్తిగా ఉంటుంది గానీ, రంగు వివరాన్ని సాధారణంగా నాలుగు పిక్సెళ్లకు ఒకటి చొప్పునే దాస్తారు. ఆకుపచ్చ మీద సన్నని ఎర్ర గీత ఉంటే రెండు రంగులూ కలిసి మట్టిరంగులోకి దిగుతాయి. దీనికీ మందు దగ్గరి నుంచి తీయడమే. ఇక ఫొటో మొత్తం పసుపుపచ్చగా కొడుతుంటే అది బల్బు చేసిన పని. పొద్దున పూట గుమ్మం దగ్గరి నీడలో, బల్బులు ఆర్పేసి తీయండి. పగటి వెలుతురూ బల్బు వెలుతురూ కలిస్తే తర్వాత యాప్‌తో సరిదిద్దడం చాలా కష్టం.

రంగు తేడాకు తావులేదనుకునే కొనుగోలుదారుకు హెచ్‌డీ గుర్తు నొక్కి గానీ, ‘డాక్యుమెంట్’గా గానీ పంపండి. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు కుదించుకోకుండా ఉన్నదున్నట్టు వెళ్తుంది. గ్రూపు మొత్తానికి అలా పంపితే మాత్రం డేటా తక్కువ ఉన్నవాళ్లు తెరవరు. పోచంపల్లి చీరలు కూడా అమ్మేవారికి ఓ మాట: చిటికీ (ఇకత్) పనిలో, అంటే నేయకముందే దారాలకు ముడులు కట్టి రంగులద్దే పనిలో, బొమ్మ అంచులు సహజంగానే కాస్త అలుక్కున్నట్టుంటాయి. వాటిని షార్ప్ చేయబోతే అచ్చు బట్టలా కనిపిస్తుంది.

ప్రశ్న: బ్యాంకు పరీక్షకు ఫొటో 20 నుంచి 50 కేబీ ఉండాలన్నారు. 48 కేబీకి తెచ్చినా ముఖం సాగినట్టుంది. కొలతలు సరిచేస్తే 14 కేబీ అవుతోంది. (నల్లగొండ)

జవాబు: కేబీ అంటే ఫైలు బరువు, పిక్సెల్ అంటే బొమ్మ కొలత. ఈ రెంటినీ ఒకటే అనుకోవడంతో వస్తున్న తంటా ఇది. బ్యాంకు పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ నోటిఫికేషన్లలో ఫొటోకు 200 × 230 పిక్సెళ్లు, సంతకానికి 140 × 60 పిక్సెళ్లు, 10 నుంచి 20 కేబీ అని ఉంటుంది. పాస్‌పోర్టు ఫొటో 3.5 × 4.5 సెంటీమీటర్లు. అంటే 200 × 230 కంటే సన్నగా, పొడుగ్గా ఉంటుంది. క్రాప్ చేయకుండా ఆ కొలతలోకి నెడితే ముఖం సుమారు 12 శాతం వెడల్పెక్కుతుంది.

విండోస్ కంప్యూటర్‌లోని పెయింట్‌లో తెరిచి, సెలెక్ట్‌తో వెడల్పు 20 పాళ్లు, ఎత్తు 23 పాళ్లు ఉండేలా గీసి క్రాప్ నొక్కండి. తర్వాత రీసైజ్‌లో పిక్సెల్స్ ఎంచుకుని, ‘మెయింటైన్ ఆస్పెక్ట్ రేషియో’ టిక్ ఉంచి వెడల్పు 200 ఇవ్వండి. ఎత్తు 230కి ఒకటి రెండు అటూఇటూ వస్తే అప్పుడు టిక్ తీసి సరిచేయవచ్చు. బరువు 20 కేబీ కంటే తగ్గడానికి కారణం, పెయింట్‌లో జేపెగ్ నాణ్యత మార్చే వీలు లేకపోవడం. క్రాప్ చేసిన పెద్ద ఫొటోనే తీసుకుని జింప్‌లో 200 × 230కి తగ్గించి, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు క్వాలిటీ 95 దాకా జరపండి, బరువు పెరుగుతుంది. 14 కేబీ ఫైలునే తెరిచి మళ్లీ సేవ్ చేయకండి. ఒకసారి పోయిన వివరం తిరిగి రాదు, సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంత పోతుంది. సంతకం తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో చేయాలి, క్యాపిటల్ అక్షరాలు పనికిరావు. ఊరూపేరూ తెలియని వెబ్‌సైట్లలో ఫొటోనూ సంతకాన్నీ పెట్టి కేబీ తగ్గించుకోవడం మాత్రం వద్దు.

ప్రశ్న: ఫోన్‌లో నిలువుగా ఉన్న ఫొటో అప్‌లోడ్ చేస్తే పడుకుంటోంది. (వనపర్తి)

జవాబు: ఫోన్ చాలాసార్లు బొమ్మను అడ్డంగానే దాచి, ‘తిప్పి చూపించు’ అని ఫైలులో ఒక గుర్తు పెడుతుంది. ఆ గుర్తును పట్టించుకోని చోట బొమ్మ పడుకుంటుంది. ఫోన్ ఎడిట్‌లో అంచు కొద్దిగా క్రాప్ చేసి, కాపీగా సేవ్ చేసి చూడండి. చాలావరకు ఆ కాపీ సరిగ్గా నిలబడుతుంది.

ప్రశ్న: సాగర్ 26 గేట్లు ఎత్తినప్పటి ఫొటో స్నేహితుడు వాట్సాప్‌లో పంపాడు. 12 × 18 అంగుళాల ప్రింటు వేయించవచ్చా? (దేవరకొండ)

జవాబు: ఆ ఫైలుతో వద్దు. 1600 పిక్సెళ్లను 18 అంగుళాలకు పంచితే అంగుళానికి 89 వస్తాయి. చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకు 200 అయినా కావాలి, 300 ఉంటే మేలు. అదే ఫైలు 4 × 6కు అంగుళానికి 267 వస్తుంది కాబట్టి చక్కగా సరిపోతుంది. స్నేహితుణ్ని అసలు ఫొటో డాక్యుమెంట్‌గా పంపమనండి. 4000 × 3000 పిక్సెళ్లుంటే 18 అంగుళాలకు 222 దక్కుతాయి. కాకపోతే 4:3 ఫొటోను 3:2 ప్రింటుకు మార్చేటప్పుడు పైనా కిందా కొంత తెగుతుంది. ఆకాశం తెగనివ్వండి, నీటి నురగను కాపాడుకోండి.

ప్రశ్న: ఫొటో పంపితే మా ఇల్లు ఎక్కడుందో తెలిసిపోతుందా? (మహబూబ్‌నగర్)

జవాబు: కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటో ఫైలులో ఆ చోటు నమోదవుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది తొలగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉండిపోతుంది. పైన డాక్యుమెంట్‌గా పంపమన్న సలహాలు పాటించేవారు ఇది గుర్తుంచుకోవాలి. విండోస్‌లో ఫైలు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్, డీటెయిల్స్ తెరిస్తే కింద ‘రిమూవ్ ప్రాపర్టీస్ అండ్ పర్సనల్ ఇన్ఫర్మేషన్’ కనిపిస్తుంది. దానితో తీసేయవచ్చు. ఫొటోలో కనిపించే ఇంటి నంబరును మాత్రం మీరే క్రాప్ చేసుకోవాలి.