టేపు మీద మిగిలిన గొంతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా నాన్నగారు వాడిన స్పూల్ టేప్ రికార్డరు ఏళ్ల తరబడి అటక మీదే ఉండిపోయింది. ఆయన మాటలు, మా నాయనమ్మ పాడిన పాటలు ఉన్న టేపులు కూడా దాని పక్కనే దొరికాయి. ప్లగ్గు పెట్టి ఒక్కసారి విందామని మనసు లాగుతోంది. పెట్టవచ్చా?

జవాబు: దయచేసి ఇప్పుడే పెట్టకండి. ఆ గొంతులు వినాలన్న ఆత్రం నాకు అర్థమవుతుంది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. మీకు దొరికిన రెండింటిలో విలువైనది యంత్రం కాదు, టేపు. యంత్రం పాడైతే అదే వెడల్పు టేపును, అదే వేగంతో, అదే ట్రాకుల అమరికతో చదవగల మరో యంత్రాన్ని వెతుక్కోవచ్చు. టేపు నలిగినా, దాని మీద ధ్వనిని దాచుకున్న అయస్కాంత పూత రాలిపోయినా మీ నాయనమ్మగారి పాట మళ్లీ రాదు.

ముందు టేపు లేకుండా యంత్రాన్ని మాత్రమే బాగుచేయించండి. లోపల కరెంటును నిల్వచేసుకునే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు చాలాకాలం కరెంటు లేకుండా పడి ఉంటే వాటిలోని ఆక్సైడ్ పొర బలహీనపడుతుంది. ఒక్కసారిగా పూర్తి ఓల్టేజి తగిలితే షార్టయ్యి పొగలు రావచ్చు. అందుకే అనుభవమున్న మెకానిక్కు మొదట మూత విప్పి చూసి, పాడైనవాటిని మార్చి, ఆ తర్వాతే ఓల్టేజిని కొద్దికొద్దిగా పెంచుతూ యంత్రాన్ని మేల్కొలుపుతాడు. రబ్బరు బెల్టులు ఈపాటికి బిగుసుకుపోయి పగుళ్లిచ్చి ఉంటాయి, లేదా కరిగి నల్లటి జిగురుగా మారి ఉంటాయి. టేపును ఇరుసుకు అదిమి ముందుకు నడిపించే పించ్ రోలరు గట్టిపడితే టేపు జారి గొంతు సాగినట్టు వినిపిస్తుంది. జిగటగా మారితే టేపు దానికే చుట్టుకుపోతుంది. టేపు మీది ధ్వనిని చదివే హెడ్డు మీద గోధుమరంగు పొడి పేరుకుని ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో మెత్తగా తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి.

ఇక టేపు సంగతి. రీలును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. టేపు పట్టీని అసిటేట్, పాలియెస్టర్ అనే ప్లాస్టిక్‌లతో చేసేవారు. వెనిగర్ వాసన వస్తే అది అసిటేట్ టేపు, చెడిపోవడం మొదలైందని అర్థం. వాసన లేకపోతే రీలును వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. చుట్ల గుండా వెలుగు కనిపిస్తే అసిటేట్, కనిపించకపోతే పాలియెస్టర్ అనుకోవచ్చు. ఈ తేడా తెలియడం చాలా అవసరం. 1970లు, 80లలో తయారైన కొన్ని పాలియెస్టర్ టేపుల్లో పూతను పట్టి ఉంచే పాలియురెథేన్ గాలిలోని తేమను పీల్చుకుని జిగురుగా మారింది. అలాంటి టేపును నడిపితే కీచుమంటూ హెడ్డుకు అంటుకుని పూత ఊడివస్తుంది. నిపుణులు వాటిని 50 నుంచి 55 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలకడైన వేడిలో గంటల తరబడి ఉంచి, తేమ పోగొట్టి, ఆ మేలు తాత్కాలికమే కనుక వెంటనే కాపీ తీసుకుంటారు. అసిటేట్ టేపుకు ఈ చికిత్స ఎన్నడూ చేయకూడదు. వంటింటి ఓవెన్‌లో ఏ టేపునూ పెట్టవద్దు.

యంత్రం సిద్ధమయ్యాక, మీకు ముఖ్యం కాని టేపును ముందు నడిపి చూడండి. అసలు టేపును మొదటిసారి వినేటప్పుడే కంప్యూటరుకు కలిపి రికార్డు చేయండి, ఎందుకంటే రెండోసారి వినడానికి ఆ టేపు ఓర్చుకుంటుందన్న హామీ లేదు. ధ్వని భాండాగారాలు కనీసం 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48,000 నమూనాలు), 24 బిట్‌లలో (ఒక్కో నమూనా సూక్ష్మత), వీలైతే 96 కిలోహెర్ట్జ్‌లో భద్రపరచమంటాయి. డిస్కు మీద చోటు కోసం ఇక్కడ పొదుపు చేయకండి.

ప్రశ్న: చేతిలో ఉన్న ఫోను పాత టేప్ రికార్డరు కన్నా శుభ్రంగా రికార్డు చేస్తుంది. అయినా కొందరు ఆ బరువైన పెట్టెల కోసం ఎందుకు తపించిపోతారు?

జవాబు: టేపు ధ్వనిని మరింత ఉన్నదున్నట్టుగా పట్టుకుంటుందన్న వాదనను నేను ఒప్పుకోను. టేపులో బుస ఉంటుంది, వేగంలో స్వల్పంగా ఒడుదొడుకులు ఉంటాయి. ఈ రెండు లెక్కల్లోనూ డిజిటల్ రికార్డింగే మేలు. అయితే టేపుకు సొంతమైన గుణం ఒకటుంది. ధ్వని తీవ్రత పెరిగేకొద్దీ పూతలోని అయస్కాంత కణాలు ఇక అంతకంతకూ తీసుకోలేక, పెద్ద శబ్దాల అంచులను కోసేయకుండా క్రమంగా గుండ్రంగా వంచుతాయి. చెవికి నిండుగా, వెచ్చగా అనిపించేది చాలావరకు అదే.

ఆ ఇష్టానికి రెండో కారణం నాకు మరింత ముఖ్యం: ఆ యంత్రాల మీద ధ్వని చేత్తో తాకగల వస్తువు. సెకనుకు 19 సెంటీమీటర్ల వేగంతో నడిచే టేపులో ఒక సెకను మాట అంటే జానెడు పొడవున్న రిబ్బను. మాట మధ్యలో దగ్గు వస్తే ఎడిటర్లు రీళ్లను చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పుతూ, హెడ్డు దగ్గర ఆ దగ్గు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెవితో పట్టుకుని, మైనపు పెన్సిలుతో గీతలు పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి తీసేసేవారు. ఏటవాలు కోత ఎందుకంటే, అతుకు హెడ్డు మీద నుంచి ఒక్కసారిగా కాక క్రమంగా జారిపోయి టిక్కుమన్న చప్పుడు రాకుండా ఉంటుంది. 7 అంగుళాల రీలు మీద 1,200 అడుగుల టేపు ఆ వేగంలో 32 నిమిషాలు వస్తుంది, అంతే. ఆ హద్దు తెలిసినవారు ఏం మాట్లాడాలో ముందే ఆలోచించుకునేవారు, మైకు ముందు గొంతు సవరించుకునేవారు, రికార్డు మీటను నొక్కాక గదిలో అందరూ మౌనంగా ఉండేవారు. ఫోనులో ఎంతసేపైనా పట్టవచ్చు కనుక ఆ శ్రద్ధ మనకు పోయిందని నా బాధ.

టేపు రికార్డింగు ఈ స్థాయికి రావడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. డెన్మార్క్‌కు చెందిన వాల్డెమార్ పౌల్సెన్ 1898లో ఉక్కు తీగ మీద ధ్వనిని అయస్కాంతీకరించి చూపాడు. జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లోయ్‌మర్ 1928లో ఇనుప పొడి పూసిన కాగితపు టేపుకు పేటెంటు పొందాడు. 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఏఈజీ సంస్థ మాగ్నెటోఫోన్ అనే టేప్ రికార్డరును జనం ముందు ఉంచింది. అప్పటికీ బుస ఎక్కువే. చెవికి వినబడనంత అధిక పౌనఃపున్యం గల విద్యుత్తును ధ్వనితో కలిపి టేపుకు పంపితే ఆ బుస ఒక్కసారిగా తగ్గిపోతుందని జర్మన్ ఇంజనీరు వాల్టర్ వెబర్ 1940లో గమనించిన తర్వాతే టేపు, గ్రామఫోన్ డిస్కును మించిపోయింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికా సైన్యంలో పనిచేసిన ఇంజనీరు జాక్ ములిన్ రెండు మాగ్నెటోఫోన్‌లను అమెరికాకు తరలించి 1946లో ప్రదర్శించాడు, మరుసటి ఏడాదే గాయకుడు బింగ్ క్రాస్బీ తన రేడియో కార్యక్రమాన్ని టేపు మీదకు మార్చాడు.

ప్రశ్న: పాత స్పూల్ టేపులో మా తాతగారు మాట మొదలుపెట్టకముందే అదే మాట సన్నగా వినిపిస్తోంది. యంత్రం లోపమా?

జవాబు: యంత్రం తప్పు కాదు. టేపు చుట్టలో ఒక పొర మీది అయస్కాంత ముద్ర ఏళ్లు గడిచేకొద్దీ పక్క పొర మీదకు కొద్దిగా అచ్చవుతుంది. అందుకే ఆ ఛాయ సరిగ్గా ఒక చుట్టు ముందుగా వినిపిస్తుంది: సెకనుకు 19 సెంటీమీటర్ల వేగంలో 7 అంగుళాల రీలు లోపలి చుట్ల దగ్గర సుమారు ఒక సెకను, బయటి చుట్ల దగ్గర దాదాపు మూడు సెకన్లు ముందు. మాటకు ముందున్న నిశ్శబ్దంలో కనుకనే అది బయటపడుతుంది. కాపీ తీసే ముందు టేపును రెండు మూడుసార్లు ఇటు నుంచి అటు చుడితే కొంత తగ్గుతుంది. ఇకపై రికార్డింగు ముగిసే కొస పైచుట్టులో ఉండేలా చుట్టి దాచండి. అప్పుడు బలమైన ఛాయ మాట తర్వాత పడి, ఆ మాటలోనే కలిసిపోతుంది.

ప్రశ్న: క్యాసెట్ వెనక అంచున చిన్న పలక విరిగి ఉంది. మళ్లీ రికార్డు చేయవచ్చా?

జవాబు: పొరపాటున చెరిగిపోకుండా కాపాడేందుకే ఆ పలకను విరుస్తారు, అది లేకపోతే యంత్రం రికార్డు చేయదు. ఆ గుంత మీద అంటుకునే టేపు ముక్క అతికిస్తే చేయవచ్చు, క్రోమ్ (వేరే రకం పూత ఉన్న) క్యాసెట్ అయితే దాని పక్కనున్న రెండో గుంతను మూయకండి, క్యాసెట్ రకాన్ని యంత్రం దాన్ని బట్టే గుర్తిస్తుంది. ఇంటివారి గొంతులున్న క్యాసెట్ అయితే అతికించకండి. విరగని పలకలు ఉంటే వాటినీ విరిచేయండి.

ప్రశ్న: అమ్మ గొంతున్న క్యాసెట్ కొత్త ప్లేయరులో గుడ్డ కప్పినట్టు మందంగా వినిపిస్తోంది. టేపు పాడైందా?

జవాబు: అయి ఉండకపోవచ్చు. ముందు హెడ్డు శుభ్రం చేసి చూడండి. అప్పటికీ అలాగే ఉంటే హెడ్డు వాలులో తేడా అనుకోవాలి. 1963లో ఫిలిప్స్ తెచ్చిన ఈ క్యాసెట్‌లో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లే కదులుతుంది. 10,000 హెర్ట్జ్ ధ్వనిలో ఒక తరంగం టేపు మీద ఆక్రమించే చోటు మిల్లీమీటరులో 200వ వంతు కూడా ఉండదు. రికార్డు చేసిన హెడ్డుకూ చదివే హెడ్డుకూ వాలులో వెంట్రుకవాసి తేడా ఉన్నా స, శ, చ వంటి అక్షరాల పదును ముందుగా పోతుంది. అందుకే అమ్మగారు వాడిన రికార్డరు ఇంకా ఉంటే బాగుచేయించండి. ఆ టేపును అందరికన్నా బాగా చదవగలిగేది అదే. లేకపోతే హెడ్డు పక్కనున్న చిన్న మరను, దాని మొదటి స్థానాన్ని గుర్తు పెట్టుకుని, క్యాసెట్ నడుస్తుండగానే రవ్వంత అటూ ఇటూ తిప్పండి. అక్షరాలు అన్నిటికన్నా పదునుగా వినబడిన చోట ఆపి కాపీ తీసుకుని, మరను మళ్లీ మొదటి స్థానానికే తిప్పేయండి.